చెత్తకుప్ప కాబోయిన సరస్సు

జర్మనీలో డార్మ్‌ష్టాట్ నగరానికి చేరువలో మెస్సెల్ అనే ఊరుంది. దాని పక్కనే ఒక పెద్ద గొయ్యి. 1971 దాకా అక్కడ ఆయిల్ షేల్ తవ్వారు. నల్లగా, పలకలు పలకలుగా విడివడే ఆ రాయిని వేడిచేసి చమురు తీసేవారు. గని మూతపడ్డాక, ఆ గోతిని చెత్తతో నింపాలని అధికారులు తలపెట్టారు. ఖాళీ గొయ్యి కనబడితే మనిషికి ముందుగా తోచేది అదే కాబోలు!

నిజానికి అది ఖాళీ కాదు. సుమారు 4.8 కోట్ల సంవత్సరాల క్రితం అగ్నిపర్వత విస్ఫోటనంతో అక్కడ లోతైన సరస్సు ఏర్పడింది. అడుగు నీటిలో ప్రాణవాయువు లేదు. మునిగినవి కుళ్ళలేదు, ఈకలూ, రోమాలూ, కడుపులోని చివరి ఆహారమూ రాతిలో నిలిచిపోయాయి. అక్కడ దొరికిన ప్యుమిలియోర్నిస్ అనే చిట్టి పక్షి కడుపులో పుప్పొడి ఉందని 2014లో ప్రకటించారు. పూలపై వాలిన పక్షులకు అప్పటికి లభించిన అతి ప్రాచీన సాక్ష్యం అదే.

నన్ను ఇంకా వదలనివి తాబేళ్ళు. జంటలు జంటలుగా దొరికిన ఆ తాబేళ్ళు సంగమంలో ఉండగానే మరణించాయని 2012లో శాస్త్రజ్ఞులు తేల్చారు. పైనీటిలో కలిసిన జంట, తమకు తెలియకుండానే విషపూరితమైన లోతుల్లోకి జారిపోయిందని వారి ఊహ. చదువుతుంటే క్రౌంచమిథునం గుర్తుకు రాక మానదు. ఇక్కడ బోయవాడు లేడు, చూసి శోకించడానికి వాల్మీకీ లేడు. ఆ శోకం మనిషి దాకా చేరడానికి కోట్ల ఏళ్ళు పట్టింది.

చేరకుండానే పోయేది కూడా. ఈ రాతిలో నలభై శాతం దాకా నీరే. గాలి తగిలి ఆరితే పలక చిట్లి, శిలాజం పొడి అవుతుంది. దాన్ని జిగురుపదార్థంలోకి మార్చి కాపాడే పద్ధతి ఉండబట్టే ఎన్నో మిగిలాయి. చెత్త పథకాన్ని స్థానికులూ శాస్త్రజ్ఞులూ ఏళ్ళ తరబడి ఎదిరించారు. 1991లో హెస్సె రాష్ట్రం ఆ స్థలాన్ని కొన్నది. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

గనిని నిందించడానికి నాకు మనసొప్పదు. తవ్వకుంటే ఈ జంటలు మన కంటబడేవే కావు. అయినా, అంతకుముందు ఎన్ని జంటలు ఆ కొలుముల్లో కాలి, ఏ ఇంటి దీపంలోనో చమురై వెలిగి ఆరిపోయాయో!