గూటి పిలుపు

పావురం మన సాహిత్యానికి కొత్త పక్షి కాదు. డేగకు భయపడి శిబి చక్రవర్తి ఒడిలో వాలినది పావురమే. భాగవతంలో అవధూత తన గురువులను యదుమహారాజుకు వరుసగా పేర్కొంటూ, వారిలో కపోతాన్ని కూడా చేర్చాడు. వేటగాని వలలో పిల్లలు చిక్కుకోగా తల్లి తానూ వలలో పడింది. ఆలుబిడ్డలు లేని బ్రతుకెందుకని తండ్రి కూడా అందులోకి దూకింది. గృహంపై మితిమీరిన మమకారం ఎంత చేటు తెస్తుందో ఆ పక్షి వలన తెలుసుకొన్నానని అవధూత చెప్పాడు. అదే మమకారాన్ని పునాదిగా చేసుకొని బెల్జియం దేశస్థులు 19వ శతాబ్దంలో ఒక క్రీడను తీర్చిదిద్దారు. అవధూతకు వలగా తోచినది వారికి రెక్కగా తోచింది.

పావురాల పందెంలో పక్షులన్నీ ఒకేచోట బయలుదేరుతాయి. చేరవలసిన గమ్యం మాత్రం దేనికది వేరు. బుట్టలలో ఉంచిన పక్షులను లారీలపై దూరప్రాంతానికి తీసుకొనిపోయి, ఉదయాన ఒక్కసారిగా వదులుతారు. ప్రతి పావురం తన గూటికే ఎగిరిపోతుంది. ఆ గూటికి గల దూరాన్ని ప్రయాణకాలంతో భాగించి, నిమిషానికి ఎన్ని మీటర్లు ఎగిరిందో లెక్కకట్టి విజేతను నిర్ణయిస్తారు. ఫ్రాన్సులోని బూర్జ్ పట్టణం నుండి బెల్జియంలోని ఆంట్వెర్ప్ ప్రాంతానికి సుమారు 480 కిలోమీటర్లు. నిమిషానికి 1,200 మీటర్ల వేగంతో వచ్చే పావురానికి అది ఆరు గంటల నలభై నిమిషాల ప్రయాణం. 2020 నవంబరులో ‘న్యూ కిమ్’ అనే రెండేళ్ళ బెల్జియం పెట్ట వేలంలో 16 లక్షల యూరోలు పలికిందంటే, ఈ క్రీడలో ఎంత ధనం చేరిందో ఊహించవచ్చు.

అయితే పెంపకందారుని నిజంగా కలవరపెట్టే సమస్య ధనం కాదు, ఏడాది పావురం. పిల్ల పుట్టిన వారం రోజులకే, పాదం ఇంకా చిన్నదిగా ఉన్నప్పుడే, దాని కాలికి పుట్టిన సంవత్సరం చెక్కిన కడియం తొడుగుతారు. సంవత్సరం మారగానే అది ‘ఏడాది పక్షి’ అవుతుంది. శరీరం చూస్తే పెద్దదే. కానీ దానికి గూటిలో స్థిరమైన చోటు లేదు, జత లేదు, గుడ్లపై కూర్చొన్న అనుభవం లేదు. ఇంటికి ఎందుకు పరుగున రావాలో దానికింకా పూర్తిగా తెలియదన్నమాట. అట్టి పక్షిని ఏ పద్ధతిలో పందేనికి సిద్ధం చేయాలి?

పెద్ద పక్షుల విషయంలో బెల్జియంలో ఎక్కువగా కనిపించేది ‘వైధవ్య పద్ధతి’. శీతకాలంలో జతలు కట్టించి, గుడ్లపై కొన్నాళ్ళు కూర్చోనిచ్చి, ఆపై పెట్టలను వేరే గదికి మారుస్తారు. మగపక్షులు తమ తమ గూటి అరలలోనే ఉండిపోతాయి. ఉదయసాయంకాలాలు వాటిని ఇంటి చుట్టూ ఎగురనిస్తారు. పందేనికి పంపే రోజున మాత్రం కొన్ని నిమిషాలసేపు పెట్టను చూపిస్తారు. కొందరు అదీ చేయరు. బోర్లించి ఉంచిన గూటి పళ్ళెాన్ని వెల్లకిలా తిప్పితే చాలు, మగపక్షికి విషయం అర్థమవుతుంది. తిరిగి వచ్చేసరికి అరలో పెట్ట ఎదురుచూస్తూ ఉంటుంది.

ఈ పద్ధతికి ఆ పేరు పెట్టినవారు పొరబడ్డారనే చెప్పాలి. పెట్ట పక్కగదిలో సుఖంగా ఉండగా వైధవ్యమెక్కడిది? మన ఆలంకారికులైతే దీనిని విప్రలంభమనేవారు. అరలో నిరీక్షించే పెట్టను వాసకసజ్జిక అనడానికి కూడా వెనుకాడేవారు కారు. ఇక్కడ ఒక మాట అక్షరాలా వర్తిస్తుంది: సంయోగసుఖం ఎరిగిన హృదయానికే వియోగం వేదన అవుతుంది. తనదన్న అర, తనదన్న జత ఏర్పడని ఏడాది పక్షి నుండి పెట్టను దూరం చేస్తే, అది దేనిని పోగొట్టుకొన్నట్లు? ఏమీ లేదు. అందువల్లనే తొలి ఏడే వైధవ్య పద్ధతిలో దించిన పక్షులలో కొన్ని చురుకుగా గెలిచినా, మరికొన్ని అర కోసం పెద్ద పక్షులతో పోట్లాడుతూ, పందెం మీద ధ్యాసే లేకుండా కాలం గడుపుతాయి.

ఇంతకంటె పాతది సహజ పద్ధతి. ఇందులో జతను విడదీయరు. ఉదయం పొద్దెక్కినప్పటి నుండి సాయంకాలం వరకు మగపక్షి, మిగిలిన సమయమంతా పెట్ట గుడ్లను పొదుగుతాయి. పదిహేడు, పద్దెనిమిది రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. గొంతుసంచిలో ఊరే పాలవంటి పదార్థాన్ని తల్లీ తండ్రీ రెండూ వాటి నోటికందిస్తాయి. పది రోజులకు పైబడిన గుడ్లనో, పసిపిల్లలనో విడిచివచ్చిన పావురం ఇంటికి ఎంత ఆతురతతో మరలుతుందో వేరే చెప్పనక్కరలేదు. పెంపకందారుడు చేయవలసినదల్లా వెనుకకు లెక్కించడం. జత కట్టిన ఎనిమిది, పది రోజులకు మొదటి గుడ్డు పడుతుంది; రెండవది దాదాపు రెండు రోజుల తరువాత. కనుక పందేనికి మూడు వారాల ముందు జత కట్టిస్తే ఆనాటికి గుడ్లు సరియైన దశలో ఉంటాయి. గోడకు వేలాడే పంచాంగంలో తేదీలు గుర్తుపెట్టుకొనే ఓపిక ఉంటే చాలు, అదనపు గది కూడా అవసరం లేదు. ఉదయమే పనికి వెళ్ళి సాయంకాలం ఇల్లు చేరే సామాన్యునికి ఇది తగిన దారి.

దీనికీ ఒక చిక్కు ఉన్నది. జంటగా కాపురం చేసే పావురాలు రెండవ విడత గుడ్లపై కూర్చొనే వేళకు రెక్కలోని పది పెద్ద ఈకలను ఒక్కొక్కటిగా రాల్చడం మొదలుపెడతాయి. జూలై నాటికి రెక్కలో సందులు ఏర్పడి, దూరపు పందేలకు అడ్డువస్తాయి. వైధవ్య పద్ధతిలో ఈ ఈకల మార్పు ఆలస్యమవుతుంది. గెలుపు ఒక్కటే గురి అయినవారు అటు మొగ్గడానికి ఇదొక కారణం.

మగపక్షులను, పెట్టలను రెండింటినీ పందేలకు పంపుతూ వేర్వేరు గదులలో ఉంచే పద్ధతి కూడా కలదు. ఇందులో పెట్టలతోనే పేచీ. మగతోడు లేని రెండు పెట్టలు తమలో తామే జతకట్టి, ఒకే గూటిలో నాలుగు గుడ్లు పెట్టి, పిల్లలు రాని ఆ గుడ్లను శ్రద్ధగా పొదుగుతూ కూర్చుంటాయి!

ఏడాది పక్షికి ఇన్నింటిలో ఏది మేలు? దానికి ముందు గూడు ఇవ్వడం మేలు. పెద్ద పక్షులు లేని వేరొక గదిలో ఒక అర ఇచ్చి, జత కట్టించి, ఒక్కసారైనా గుడ్లను పొదగనిచ్చి, సహజ పద్ధతిలో దగ్గరి పందేలకు పంపడం. ఋతువు సగం గడిచాక బాగా కుదురుకొన్నవాటిని మాత్రమే వైధవ్య పద్ధతికి మార్చడం. ఈ దారిలో మొదటి ఏడు బహుమతులు తగ్గవచ్చు. కానీ తొందరపాటుకు మూల్యం చెల్లించేది పక్షి, యజమాని కాదు. 1997 జూన్‌లో ఫ్రాన్సులోని నాంత్ నుండి వదిలిన సుమారు 60,000 పావురాలలో వేలకొలది పక్షులు ఇంగ్లండులోని తమ గూళ్ళకు చేరనే లేదు. అనుభవజ్ఞులైన పక్షులకే తప్పని ఆపద, గూడు విలువ ఎరుగని పక్షిని విడిచిపెడుతుందా?

బాగా పెంచేవారి ఇళ్ళలో ఒక ఆచారం కనిపిస్తుంది. పందెపు ఫలితాలు తేలిపోయి, గడియారం కట్టివేసిన తరువాత, మరునాటి సాయంకాలం ఎప్పుడో ఒక ఏడాది పావురం ఒంటరిగా వచ్చి కప్పుపై వాలుతుంది. దానికి బహుమతి లేదు, దాని కాలాన్ని వ్రాసుకొనేవారూ లేరు. అయినా పెంపకందారుడు నీళ్ళు పెట్టి, నాలుగు గింజలు వేసి, దాని పెట్టను తెచ్చి అరలో విడుస్తాడు. గెలిచిన పక్షికి ఎంతసేపు విడిచాడో దీనికీ అంతసేపు.