తేలికంటే ఎన్ని గ్రాములు?

లాప్‌టాప్ కొనడానికి దుకాణానికి వెళితే ముందు చేతిలో పెట్టి, 'పట్టుకుని చూడండి సార్, పువ్వులా ఉంటుంది' అంటారు. ఏసీ గదిలో రెండు నిమిషాలు పట్టుకుంటే ఏదైనా పువ్వే! దాన్ని సంచిలో వేసుకుని ఖమ్మంలో బస్సెక్కి, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరి, అక్కడ బస్సు మారి, దుమ్ముగూడెం దాటి చర్ల వైపు అడవి అంచు ఊళ్లకు నడిచి వెళితే తెలుస్తుంది అసలు బరువు.

నా పని ఆ ఊళ్లలోనే. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు రైతులు పెట్టుకునే దరఖాస్తుల వివరాలు సరిచూసి, వాళ్ల ముందే కంప్యూటర్‌లో ఎక్కించాలి. తండ్రి పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా, రెండెకరాలు ఎకరమైనా ఆ కుటుంబం మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాలి. మే నెలలో పొద్దున్నే తునికాకు కోతకు వెళ్లినవాళ్లు మధ్యాహ్నానికి గానీ ఊళ్లో దొరకరు. అంటే మా పని మండుటెండలో, ఇప్పచెట్టు కింద!

మోసుకెళ్లే కంప్యూటర్ అనగానే చాలామందికి 2008లో స్టీవ్ జాబ్స్ కాగితపు కవరులోంచి తీసి చూపించిన మ్యాక్‌బుక్ ఎయిరే గుర్తొస్తుంది. నాకు మాత్రం అంతకు పాతికేళ్ల ముందు, 1983లో వచ్చిన టీఆర్ఎస్-80 మోడల్ 100 ముద్దొస్తుంది. బరువు కిలోన్నర లోపే. టార్చిలైటులో వేసుకునేలాంటి నాలుగు చిన్న బ్యాటరీలతో ఇరవై గంటల దాకా నడిచేది. తెర మీద కనిపించేవి ఎనిమిది లైన్లే. అయినా అమెరికా విలేకరులు దాన్ని ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్లి వార్తలు రాశారు. 2007లో పేద దేశాల పిల్లల కోసం తయారైన 'ఓఎల్‌పీసీ' లాప్‌టాప్ తెర ఎండలోనూ చదువుకునేలా ఉండేది. లోపలికి దుమ్ము పోకుండా రబ్బరు కీబోర్డు. ఈ రెండింటినీ చేసినవాళ్లు, తూకం కంటే ముందు మనిషి ఎక్కడ కూర్చుని పనిచేస్తాడో ఆలోచించారు.

ఇప్పుడు 700 గ్రాముల లోపు లాప్‌టాప్‌లు కూడా వచ్చాయి. సంతోషమే. కానీ బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతే చార్జరు మోయాలి, దానికి తోడు పవర్ బ్యాంకూ మోయాలి. తగ్గిన బరువంతా సంచిలో మళ్లీ చేరినట్టే కదా! అందుకే నేను తూచేది లాప్‌టాప్‌ను కాదు, సంచిని.

లెక్క చాలా సులువు. యాభై వాట్-అవర్ల బ్యాటరీ, ఆరు వాట్లు తాగే యంత్రమైతే ఎనిమిది గంటలు వస్తుంది. ఎండలో తెర వెలుగు పెంచితే ఆరుకు పడిపోతుంది. మామూలు తెరల వెలుగు 250, 300 నిట్లు. చెట్టు కింద చదవాలంటే 500 ఉండాలి, అద్దంలా మెరవకూడదు. చాలా కంపెనీలు 35 డిగ్రీల వేడి వరకే వాడమంటాయి. మా దగ్గర మేలో 45 కూడా దాటుతుంది! లోపల ఫ్యాను లేకపోతే ఇంకా మంచిది, దుమ్ము పీల్చదు. ఫోను చార్జరుతోనే చార్జింగ్ ఎక్కాలి. సిగ్నల్ లేకపోయినా పని ఆగకూడదు.

వానాకాలం ఇంకో పరీక్ష. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో 71 అడుగులు దాటింది. అలాంటప్పుడు ఊళ్లకు దారీ ఉండదు, కరెంటూ ఉండదు. మిగిలేది బ్యాటరీలో ఉన్నదే.

ఇన్ని చెప్పినా, నా దృష్టిలో అసలు పరీక్ష ఒక్కటే. చివర్లో తెరను రైతు వైపు తిప్పుతాను. చదువు రాని పెద్దాయన మనవరాలిని పిలుస్తాడు. ఆ పిల్ల కళ్లు చిట్లించకుండా తాత పేరు, ముత్తాత పేరు, ఎకరాలు, కుంటలు గట్టిగా చదవాలి. 'అంతే సారూ, సరిగ్గుంది' అని ఆయన అన్నాకే నేను సేవ్ నొక్కేది. అప్పటిదాకా వెలిగి ఉండే లాప్‌టాప్ కిలోకు ఇంకో పావుకిలో ఎక్కువున్నా నాకు తేలికే.