ఒక మాట అడగడం

మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఆమె నిద్రిస్తున్న సమయాన ఒక ఫొటో తీసి బంధువుల వాట్సాప్ బృందంలో పెట్టాను. క్షేమసమాచారం తెలియజేస్తున్నాననే అనుకున్నాను. అమ్మ ఇంటికి వచ్చాక, పరామర్శకు వచ్చిన ఒకావిడ ఆ ఫొటో చూపించింది. జుట్టు చెదిరి, నోరు తెరుచుకుని ఉన్న తన రూపాన్ని అమ్మ కాసేపు చూసి, "నన్నొక మాట అడగవలసింది నాయనా" అన్నది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ మాట మాత్రం నన్ను వదలలేదు.

గోప్యత కోరేవారికి దాచవలసిన తప్పేదో ఉంటుందని చాలామంది అనుమానం. అమ్మ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. తనను ఎవరు, ఏ స్థితిలో చూడాలో తానే నిర్ణయించుకోవాలన్నదే ఆమె అభిమతం. 1890లో అమెరికా న్యాయవాదులు వారెన్, బ్రాండైస్ గోప్యతను హక్కుగా ప్రతిపాదించినప్పుడు వారిని కలవరపెట్టినవీ క్షణంలో తీసే ఛాయాచిత్రాలూ, పరుల ముచ్చట్లు ప్రచురించే పత్రికలే.

మన న్యాయస్థానాలలో ఈ ప్రశ్న ఒకప్పుడు తలుపు చప్పుడుగా వినిపించింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఖరక్ సింగ్ ఇంటి తలుపును ఉత్తరప్రదేశ్ పోలీసులు రాత్రివేళల తట్టేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి రాకలను కొట్టివేసింది. అయినా గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నది అధిక సంఖ్యాకుల తీర్పు. రాజమండ్రిలో జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావు అందుకు సమ్మతించలేదు. నిఘా నీడలో బతికేవానికి కాళ్లకు సంకెళ్లు లేకున్నా మనసుకు ఉంటాయన్నది ఆయన వాదనలోని సారం. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించి, ఆయన అభిప్రాయానికే పట్టం కట్టింది.

నేడు తలుపు చప్పుడు వినిపించదు. మనం ఏమి వెదికామో, ఎక్కడ ఆగామో నిశ్శబ్దంగా నమోదవుతుంది. షరతులు చదవకుండానే 'అంగీకరిస్తున్నాను' అని నొక్కుతాం. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతికి ప్రధాన స్థానమిచ్చింది. అయితే ఒక వ్యక్తి సొంతానికో ఇంటి అవసరానికో వాడుకునే సమాచారానికి అది వర్తించదు. తల్లీకొడుకుల నడుమ చట్టం రాదు. అక్కడ మర్యాద ఒక్కటే దిక్కు.

ఆ ఫొటోను తొలగించాను. ఎన్ని ఫోనులలో మిగిలి ఉన్నదో చెప్పలేను. మొన్న పండుగనాడు అమ్మను ఫొటో తీసి, "పంపించనా?" అని అడిగాను. చేతిలోకి తీసుకుని చూసుకున్నది.

"మీ అక్కకు పంపు, చాలు" అన్నది.