మేమా... మనమా?

2023 నవంబరు 19, ఆదివారం. మిషిగన్‌లో తెల్లవారుజామున మూడున్నరకి అలారం పెట్టుకుని లేచా. అహ్మదాబాద్‌లో అప్పుడు మధ్యాహ్నం రెండు. వరుసగా పది మ్యాచ్‌లు గెలిచిన మన జట్టు వరల్డ్‌కప్ ఫైనల్ ఆడుతోంది. తర్వాత ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. మనం 240కి ఆలౌట్. అటు ట్రావిస్ హెడ్ సెంచరీ. ఆరు వికెట్ల తేడాతో ఓటమి. పొద్దున పదకొండయ్యేసరికి అంతా అయిపోయింది.

తెనాలి నుంచి నాన్న ఫోన్ చేశారు. "మనం ఓడిపోయాం రా" అన్నారు, అంతే. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. పెట్టేయడానికీ మనసు రాలేదు.

దుప్పటి ముసుగేసుకుని పడుకుందామనిపించింది. కానీ మధ్యాహ్నం ఒంటి గంటకి మా ల్యాబ్ పెద్దాయన ఇంటికి వెళ్తానని ముందే మాటిచ్చా. అక్కడ ఇంకో మ్యాచ్ ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్. డెట్రాయిట్ లయన్స్, షికాగో బేర్స్.

ఆ మాట ఇచ్చే దాకా ఎలా వచ్చానో చెప్పాలి.

2019లో ఎమ్మెస్‌కని డెట్రాయిట్ వచ్చా. తర్వాత ట్రాయ్ అనే ఊళ్లో, కార్ల విడిభాగాలు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. రెండేళ్లు మధ్యాహ్నం నా డబ్బా నేను తెచ్చుకుని, రూమ్మేట్‌తో ఫోన్లో మాట్లాడుతూ తినేసేవాణ్ని. 2023 ఆగస్టులో వాడికి డాలస్‌లో ఉద్యోగమొచ్చి వెళ్లిపోయాడు. ఇల్లు ఖాళీ, మధ్యాహ్నం ఖాళీ.

సెప్టెంబరు 8, శుక్రవారం. క్యాంటీన్‌లో ఒక టేబుల్ దగ్గర తిరనాళ్లలా గోల. అందరూ నీలం చొక్కాలు. ముందురోజు రాత్రి లయన్స్ జట్టు, అప్పటి చాంపియన్ కాన్సస్ సిటీ చీఫ్స్‌ని వాళ్ల ఊళ్లోనే 21-20తో ఓడించిందట. సీజన్‌లో మొదటి మ్యాచే అది. నేను నిలబడి చూస్తుంటే మా పెద్దాయన కుర్చీ లాగి "కూర్చో" అన్నాడు. అరవై దాటిన మనిషి. వాళ్ల నాన్న డియర్‌బర్న్‌లో ఫోర్డ్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. నాకు ఆటలో ఓనమాలు కూడా రావని తెలిసి, టిష్యూ పేపర్ మీద గీతలు గీసి పాఠం మొదలెట్టాడు.

ఆయన చెప్పింది ఇది. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు ఛాన్సులు. ఒక్కో ఛాన్సు ఒక డౌన్. పది గజాలు దాటితే మళ్లీ కొత్తగా నాలుగు. దాటకపోతే బంతి అవతలివాళ్లకి. అందుకే మూడింట్లో పని కాకపోతే, నాలుగో డౌన్‌లో చాలా జట్లు రిస్క్ తీసుకోవు. బంతిని దూరంగా తన్నేస్తాయి. లేదంటే దగ్గర్లో ఉంటే గోల్ స్తంభాల మధ్యకి తన్ని మూడు పాయింట్లతో సరిపెట్టుకుంటాయి. "మా కోచ్ డాన్ క్యాంప్‌బెల్ మాత్రం ఆగడు, నాలుగోదీ ఆడేస్తాడు" అని కళ్లెగరేశాడు.

ఆ రోజు నుంచి నేనూ ఆ టేబులే.

శనివారం కాలేజీ ఆట, ఆదివారం ప్రొఫెషనల్ ఆట. సోమవారం రెండింటి పంచాయితీ మా టేబుల్ మీద. మొదట్లో నాకు కాలేజీ ఆటకి అంత పిచ్చేంటో అర్థమయ్యేది కాదు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 మంది పడతారు. అంత పెద్దది ప్రొఫెషనల్ జట్లు 32లో ఒక్కదానికీ లేదు. మా తెనాలి జనాభాలో సగానికి పైనే ఒక కాలేజీ మ్యాచ్‌కి వచ్చి కూర్చుంటారన్నమాట.

మా టేబుల్ దగ్గర ముగ్గురు ముఖ్యులు. పెద్దాయన మిషిగన్ పక్షం. ఎదురుగా కూర్చునే డిజైనర్ మిషిగన్ స్టేట్‌లో చదివాడు, ఆకుపచ్చ చొక్కా. ఇక టొలీడో నుంచి వచ్చిన అమ్మాయి, ఓహయో స్టేట్. ఆ వారం వచ్చిందంటే ఓహయో స్టేట్ క్యాంపస్‌లో బోర్డుల మీద 'ఎం' అక్షరం కనిపిస్తే చాలు, ఎర్ర టేపుతో ఇంటూ కొట్టేస్తారు. మన దగ్గర హీరోల ఫ్యాన్స్ ఫ్లెక్సీల దగ్గర పడే గొడవ గుర్తొచ్చి నవ్వుకున్నా.

ఆ ఏడాది గొడవ ఇంకాస్త ఎక్కువే. ప్రత్యర్థి కోచ్‌ల సైగల్ని ముందే పసిగట్టడానికి మిషిగన్ వాళ్లు మ్యాచ్‌లకి మనుషుల్ని పంపారని విచారణ మొదలైంది. బిగ్ టెన్ లీగ్ కోచ్ జిమ్ హార్బాని రెగ్యులర్ సీజన్ చివరి మూడు మ్యాచ్‌లకి సస్పెండ్ చేసింది. టొలీడో అమ్మాయి రోజూ పెద్దాయన ముందు చెయ్యి తిప్పి ఒక సైగ చేసి, "ఇది రాసుకున్నావా?" అనేది. ఆయన మొహం కందగడ్డలా అయ్యేది.

కానీ ఆదివారం వస్తే ఈ ముగ్గురూ ఒక్కటే. లయన్స్‌లో ఎయిడన్ హచిన్సన్ అనే డిఫెండర్ ఉన్నాడు. కాలేజీలో మిషిగన్ తరఫున ఆడాడు. అప్పట్లో ఆ కుర్రాణ్ని నోరారా తిట్టిన ఆకుపచ్చ చొక్కాయనే, ఇప్పుడు ఆదివారం అతని నంబరున్న జెర్సీ వేసుకుంటాడు. "శనివారం వేరు, ఆదివారం వేరు" అనేవాడు. అంత సులువుగా ఎలా మారతారో అనుకునేవాణ్ని.

నన్ను ఇబ్బంది పెట్టింది ఒకటే మాట. వాళ్లు 'వుయ్' అనేవాళ్లు. వుయ్ గెలిచాం, వుయ్ పోగొట్టాం. మన తెలుగులో అయితే 'మేము' వేరు, 'మనం' వేరు. మేము అంటే నువ్వు కాక మేము. మనం అంటే నువ్వు కూడా. ఇంగ్లిష్‌లో ఆ తేడా తెలీదు. వాళ్లు 'వుయ్' అన్న ప్రతిసారీ నాలో ఒక అనుమానం. ఇందులో నేనున్నానా, లేనా?

నా అనుమానానికి వేరే కారణం కూడా ఉంది. నా స్టూడెంట్ వీసా మీద ఉద్యోగం చేసుకునే గడువు 2024 జూన్‌తో అయిపోతుంది. హెచ్1బి లాటరీలో రెండుసార్లు పేరు రాలేదు. మార్చిలో మూడోది, చివరిది. అది రాకపోతే వెళ్లిపోవడమే. వెళ్లిపోయేవాడికి ఈ ఊరి జట్టు ఎందుకు అని నాకు నేనే చెప్పుకునేవాణ్ని.

ఇప్పుడు నవంబరు 19కి వద్దాం. కళ్లు ఎర్రగా, గడ్డం గీసుకోకుండా పెద్దాయన ఇంటికెళ్లా. తలుపు తీసి, నా మొహం చూసి "ఏమైంది?" అన్నాడు. ఇండియా ఓడిపోయిందని చెప్పా. క్రికెట్ అంటే ఆయనకి బ్యాటు, బంతి తప్ప ఏమీ తెలీదు. అయినా నవ్వలేదు. "ఎంత తేడాతో?" అన్నాడు.

ఆరు వికెట్లంటే ఏంటో చెప్పబోయి చెప్పలేకపోయా. "పది గెలిచాం, పదకొండోదే పోయింది" అన్నా. ఆయన తల ఊపాడు. "2008లో మాకు పదహారు మ్యాచ్‌లుంటే పదహారూ పోయాయి. ఈ ఇంట్లో ఓడిపోయినవాళ్లకి ఎప్పుడూ చోటుంటుంది" అని సోఫాలో కూర్చోబెట్టి, చేతిలో వేడి వేడి సూపు గిన్నె పెట్టాడు.

లయన్స్ కూడా ఓడిపోయేలానే ఉన్నారు. క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ మూడుసార్లు బంతిని అవతలివాళ్ల చేతుల్లో పెట్టాడు. ఆటలో నాలుగు నిమిషాలకి కాస్త ఎక్కువ మిగిలుండగా 26-14తో వెనకబడ్డారు. ఒకే రోజు రెండు చావులా అనుకున్నా. అప్పుడు ఒక టచ్‌డౌన్. 29 సెకన్లుండగా ఇంకోటి. ఆఖర్లో హచిన్సన్ వెళ్లి బేర్స్ క్వార్టర్‌బ్యాక్ చేతిలో బంతి ఎగరగొట్టాడు. 31-26.

సోఫా మీంచి లేచి, గొంతు చించుకుని "వుయ్ వన్" అని అరిచింది నేనే. అరిచాక నాకే సిగ్గేసింది. ఎవ్వరూ వింతగా చూడలేదు. ఆకుపచ్చ చొక్కాయన నన్ను ఎత్తి గిర్రున తిప్పాడు.

ఆ సాయంత్రం మేము, మనం సంగతి పెద్దాయనకి చెప్పా. చాలాసేపు ఆలోచించాడు. "అయితే నేను ఇన్నాళ్లూ అన్నది ఏది?" అని అడిగాడు. "అది మీరే చెప్పాలి" అన్నా. ఆయన జవాబివ్వలేదు.

ఆ తర్వాత రోజులు పరుగెత్తాయి. థాంక్స్‌గివింగ్ రోజు లయన్స్ మ్యాచ్ ఆడటం 1934 నుంచి వస్తున్న ఆచారం. ఆ రోజు ప్యాకర్స్ చేతిలో 29-22తో ఓడిపోయాం. రెండ్రోజులకి శనివారం, హార్బా లేకుండానే మిషిగన్ 30-24తో ఓహయో స్టేట్‌ని ఓడించింది. సోమవారం టొలీడో అమ్మాయి, పందెం ప్రకారం, రోజంతా మిషిగన్ టోపీ పెట్టుకుని పనిచేసింది. జనవరి 8న మిషిగన్ 34-13తో వాషింగ్టన్‌ని గెలిచి, 15కి 15 మ్యాచ్‌లతో చాంపియన్ అయింది. ఆ మర్నాడు ఆకుపచ్చ చొక్కాయన సిక్ లీవ్. ఏ జబ్బో ఎవరూ అడగలేదు.

జనవరి 14. ఫోర్డ్ ఫీల్డ్‌లో ప్లేఆఫ్ మ్యాచ్, ఎదురుగా లాస్ ఏంజెలెస్ రామ్స్. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్. డెట్రాయిట్‌లో 12 సీజన్లు ఆడి, ఒక్క ప్లేఆఫ్ మ్యాచూ గెలవలేక, 2021లో రామ్స్‌కి మారి ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్ గెలిచాడు. అతనికి బదులుగా ఇటొచ్చినవాడే మన గాఫ్. 24-23తో గెలిచాం. లయన్స్ అంతకుముందు ప్లేఆఫ్ మ్యాచ్ గెలిచింది 1992 జనవరిలో. నేను పుట్టకముందు.

మ్యాచ్ అయ్యాక పెద్దాయన ఏమీ అరవలేదు. కుర్చీలోంచి లేవలేదు. మర్నాడు గడ్డకట్టే చలిలో వాళ్ల నాన్న సమాధి దగ్గరికెళ్లి, లయన్స్ టోపీ ఒకటి పెట్టి వచ్చాడని తర్వాత తెలిసింది. ఏటా సీజన్ ముగిశాక "వచ్చే ఏడాది చూద్దాం లే" అనేవాడట ఆ నాన్న.

జనవరి 28. ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే సూపర్ బౌల్, లయన్స్ ఎప్పుడూ చూడని చోటు. శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్ మీద సగం ఆటకి 24-7తో మనమే ముందు. రెండో సగంలో క్యాంప్‌బెల్ రెండుసార్లు తన్నించుకుని మూడేసి పాయింట్లు తీసుకోవచ్చు. తీసుకోలేదు. రెండుసార్లూ నాలుగో డౌన్ ఆడించాడు, రెండుసార్లూ పోయింది. వాళ్ల పాస్ ఒకటి మనవాడి హెల్మెట్‌కి తగిలి ఎగిరి, వాళ్లవాడి చేతుల్లోనే పడింది. చివరికి 34-31. తేడా మూడంటే మూడే.

సోమవారం టేబుల్ రెండుగా చీలింది. తన్నాల్సింది అని డిజైనర్. ఆ ధైర్యమే ఇంతదూరం తెచ్చింది, అదే వదులుకోవాలా అని టొలీడో అమ్మాయి. నన్నడిగారు. "నాకు తెలీదు. నాకు అసలు మూడు డౌన్లే ఇచ్చారు" అన్నా. ముందు నవ్వారు. తర్వాత అర్థమై ఆగిపోయారు. నా వీసా సంగతి వాళ్లకి చెప్పింది అప్పుడే.

మార్చి ఆఖర్లో ఫలితాలు వచ్చాయి. నా పేరు లేదు.

ఏప్రిల్‌లో కొత్త ఆటగాళ్లని ఎంచుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ డెట్రాయిట్‌లోనే జరిగింది. మూడు రోజుల్లో 7 లక్షల 75 వేల మందికి పైగా వచ్చారు. మా టేబుల్ అంతా కలిసి వెళ్లాం. నాకు అదే వీడ్కోలు పార్టీ. ఆగస్టులో ఎయిర్‌పోర్ట్‌కి పెద్దాయనే కారులో దింపాడు. సూట్‌కేస్ దించి, చెయ్యి కలిపి, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆగి, "మానమ్" అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మాట రాలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆదివారం రాత్రి పదిన్నరకి లయన్స్ మ్యాచ్, చలికాలంలో అయితే పదకొండున్నరకి. సోమవారం మీటింగ్‌లో ఆవలింతలు. వాట్సాప్‌లో మా టేబుల్ అలాగే ఉంది. 2024 సీజన్‌లో లయన్స్ 17 మ్యాచ్‌లలో 15 గెలిచారు. అక్టోబరులో హచిన్సన్ కాలు విరిగితే, అందరికంటే ముందు మెసేజ్ పెట్టి బాధపడింది ఆకుపచ్చ చొక్కాయనే.

2025 జనవరి 19, ఆదివారం. సంక్రాంతికి తెనాలి వచ్చి అక్కడే ఉన్నా. పొద్దున ఆరున్నరకి ప్లేఆఫ్ మ్యాచ్, వాషింగ్టన్ కమాండర్స్ మీద. అందరూ మనమే గెలుస్తామన్నారు. 45-31తో ఓడిపోయాం. పది కావస్తోంది. ఫోన్ పక్కన పడేసి అరుగు మీద కూర్చున్నా. నాన్న పేపర్ మడిచి నా మొహంలోకి చూశారు.

"ఏరా, ఎవరు ఓడిపోయారు?"

"మనమే నాన్నా."

ఏ మనం అని ఆయన అడగలేదు. వచ్చి పక్కన కూర్చుని, "ఎంత తేడాతో?" అన్నారు.