జిగణిలో ఒక చిన్న ఎర్ర కారు

జిగణి పేరు వింటే మా బ్యాంకు వాళ్ళకు గుర్తుకొచ్చేది స్టాక్ ఇన్‌స్పెక్షన్. బెంగళూరుకు దక్షిణంగా బన్నేరుఘట్ట దాటి ఆనేకల్ వైపు వెళితే వచ్చే పారిశ్రామికవాడ అది. లేతు మిషన్ల షెడ్లు, గ్రానైట్ పాలిష్ చేసే ఫ్యాక్టరీలు, మందుల కంపెనీలు వరసగా ఉంటాయి. ఫైలు చంకన పెట్టుకుని వెళ్ళడం, తాకట్టులో ఉన్న మిషన్లు ఉన్నచోటే ఉన్నాయో లేదో చూసుకోవడం, సంతకం పెట్టించుకుని తిరిగి రావడం - ఇన్నేళ్ళలో జిగణితో నా పరిచయం అంతవరకే.

ఈసారి మాత్రం ఫైలు లేకుండా వెళ్ళాను. కారణం మా అమ్మాయి.

మా అమ్మాయి జిగణిలోనే ఒక చిన్న టూల్ రూములో డిజైన్ ఇంజనీరు. తను, ఇద్దరు స్నేహితురాళ్ళు కలిసి డబ్బులు వేసుకుని ఒక పాత కారు కొన్నారు. కారంటే సంసారపక్షం కారు కాదు. శాన్ స్టార్మ్ అని, రెండే సీట్లు, ఫైబరు బాడీ, టాపు లేని బండి. శాన్ మోటార్స్ వారు గోవాలో తయారుచేసేవారు. 1149 సీసీ రెనో ఇంజను. తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. దాన్ని బాగుచేసి, మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద ఒక రోజు నడుపుతారట. పోటీ కాదు, బహుమతులు లేవు. రుసుము కట్టి ఎవరి బండి వారు నడుపుకునే రోజు. దాన్ని ట్రాక్ డే అంటారని చెప్పింది.

"ఏమండీ, మీరైనా వెళ్ళి ఆ పిచ్చి మానిపించి రండి" అని మా శ్రీమతి ఆజ్ఞ. నేను బయలుదేరింది ఆ పనిమీదే.

2025 ఆగస్టు నుంచి బొమ్మసంద్ర దాకా మెట్రో వచ్చింది కనుక ఆదివారం పొద్దున్నే అందులో వెళ్ళి, అక్కణ్ణుంచి లింకు రోడ్డు మీదుగా ఆటోలో జిగణి చేరాను. దుమ్ము ఎప్పటిలాగే ఉంది. రంపాల కింద గ్రానైట్ బండలు అరుస్తున్నాయి. దూరంగా బన్నేరుఘట్ట కొండలు, వాటి వెనక ఏనుగులు తిరిగే అడవి. ఒక పక్క అడవి, ఒక పక్క వెల్డింగ్ మెరుపులు. ఇన్నాళ్ళూ ఫైలులో తలపెట్టుకుని ఈ కొండల్ని చూడనేలేదు.

షెడ్డు ముందు చిన్న ఎర్ర కారు. దాని చుట్టూ నలుగురు. అందులో పెద్దవాడు వెల్డింగ్ మేస్త్రి, మదనపల్లె దగ్గరి మనిషి. నేను తెలుగువాణ్ణని తెలియగానే "రండి సార్, కాఫీ తాగుదురు" అన్నాడు. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో తెలుగు కొత్త కాదు. ఆనేకల్ తాలూకాలో తరతరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే కుటుంబాలెన్నో ఉన్నాయి. హోసూరు వైపునుంచి వచ్చేవాళ్ళు అరవం కూడా కలుపుతారు. ఆ షెడ్డులో ఒకే వాక్యంలో మూడు భాషలూ విన్నాను. రెంచి మాత్రం అందరికీ రెంచే.

మందలించబోయేముందు పని ఏమిటో చూద్దామనుకున్నాను. ఇన్‌స్పెక్షన్ అలవాటు.

మొదట రోల్‌బార్. టాపు లేని కారు బోల్తా పడితే తలను కాపాడేది ఆ ఇనుప వంపు ఒక్కటే. ఫైబరు బాడీకి బిగిస్తే పెరుక్కుని వస్తుందట. అందుకని మేస్త్రి దాన్ని కింద ఉన్న స్టీలు ఛాసిస్‌కు, వెనక దళసరి పలకలు వేసి బిగించాడు. తర్వాత లోపలినుంచి చీపురుకర్ర తెచ్చాడు. ఊడవడానికేమో అనుకున్నాను. మా అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చుంది. రోల్‌బార్ పైకొస నుంచి ముందు అద్దం పైకొస వరకు కర్ర ఆనించి చూశారు. హెల్మెట్ ఆ గీతకు కిందే ఉండాలి. తగిలింది! సీటు ఊడదీసి, కింద దిమ్మలు తీసేసి, మళ్ళీ కర్ర పెట్టారు. ఈసారి నాలుగు వేళ్ళు దూరేంత సందు వచ్చింది. ఆ నాలుగు వేళ్ళ సందు కోసం రెండు గంటలు పట్టింది. ఎవరూ విసుక్కోలేదు.

తర్వాత బ్రేకులు. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ లోపు మరగకూడదు. తేమ చేరేకొద్దీ ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. ట్రాక్ మీద పదేపదే తొక్కితే బ్రేకులు కాగిపోతాయి, ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ నేలకు తగులుతుంది గాని బండి ఆగదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టకూడదని మా అమ్మ చెప్పేది; ఇదీ అటువంటిదే. అందుకే పాతది పూర్తిగా తీసేసి, సీలు విప్పని డబ్బా నుంచి కొత్తది పోశారు.

వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగు రెట్లవుతుందని మా అమ్మాయి లెక్క చెప్పింది. అరవైలో వెళ్ళే బండి నూట ఇరవైలో వెళితే బ్రేకుల మీద నాలుగింతల భారం. చక్రవడ్డీ ఒక్కటే ఘోరమనుకునేవాణ్ణి. "అందుకే నాన్నా, తేలిక బండి. బరువు తగ్గితే బ్రేకులకూ టైర్లకూ పని తగ్గుతుంది" అంది. పక్కనున్న గ్రానైట్ ఫ్యాక్టరీ వేబ్రిడ్జి మీద కారు తూచి చూశారు. ఒక ఘనమీటరు గ్రానైట్ సుమారు 2.7 టన్నులు ఉంటుంది. మా కారు అందులో సగం కూడా లేదు. కాటా దగ్గరి కుర్రాడు స్లిప్పు చించి ఇస్తూ, ఇంత చిన్న అంకె ఈ మిషన్ మీద ఎప్పుడూ చూడలేదన్నాడు.

చివరికి నా వంతు వచ్చింది. టైర్లు నిగనిగలాడుతున్నాయి, గాళ్ళు లోతుగా ఉన్నాయి. అందరికీ తృప్తిగానే ఉంది. చెక్కు చేతికొస్తే ముందు తేదీ చూడటం నా ముప్ఫై ఏళ్ళ జబ్బు. వంగి చూశాను. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అక్కడ 1115 అని ఉంది. అంటే 2015లో పదకొండో వారం. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, పట్టు పోతుంది. "ఈ చెక్కు ఎప్పుడో చెల్లకుండా పోయిందమ్మా" అన్నాను. షెడ్డంతా నిశ్శబ్దం. మేస్త్రి గోరుతో నొక్కి చూసి, "సార్ చెప్పింది నిజమే" అన్నాడు. నాలుగు కొత్త టైర్ల ఖర్చు పడింది. మానిపించడానికి వెళ్ళినవాణ్ణి జాగ్రత్త చెప్పేవాణ్ణయ్యాను.

మధ్యాహ్నం పక్క హోటల్లో చిత్రాన్నం తింటూ మా అమ్మాయి అడిగింది: "నాన్నా, మీకు కారంటే ఎందుకంత భయం?"

ఎప్పుడూ చెప్పని సంగతి అప్పుడు చెప్పాను.

1988లో నేను నెల్లూరు వి.ఆర్. కాలేజీలో బి.కాం. చదువుతున్నాను. మా పెదనాన్నగారి అబ్బాయి, నేను బస్సెక్కి షోళవరం వెళ్ళాం. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే అది. మద్రాసుకు ఉత్తరాన, మన నెల్లూరు రోడ్డు మీదే ఉంది. ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల శాశ్వత ట్రాక్ 1990లో వచ్చింది. అంతకుముందు దక్షిణాదిలో రేసులంటే షోళవరమే. ఎండలో నిలబడి ఆ చప్పుడు విన్నాం. తిరిగొచ్చాక వారం కాలేదు, మా అన్నయ్య స్నేహితుడి మోటారుసైకిల్ అడిగి తీసుకుని ట్రంకు రోడ్డెక్కాడు. హెల్మెట్ లేదు. చీకట్లో ఆగి ఉన్న ఎడ్లబండి కనిపించలేదు. ఆరు నెలలు మంచం మీద ఉన్నాడు. ఈనాటికీ ఎడమకాలు ఈడ్చుకుంటూనే నడుస్తాడు. ఆ రోజు షోళవరం వెళదామని పట్టుబట్టింది అన్నయ్య కాదు, నేను.

మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "పెదనాన్న చేసినదీ మేం చేస్తున్నదీ ఒకటి కాదు నాన్నా. అక్కడ ఎదురుగా వచ్చే బండి ఉండదు, ఎడ్లబండి ఉండదు, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. వేగం సరదా ఉన్నవాళ్ళు వెళ్ళవలసిన చోటు అదే. రోడ్డు కాదు."

నాకు జవాబు తోచలేదు. ఒక్క మాట మాత్రం అన్నాను. మామూలు మోటారు పాలసీలు రేసులకు, వేగ పరీక్షలకు వర్తించవు. నష్టం వస్తే సొంత డబ్బే. అందుకని మరమ్మతుల సొమ్ము విడిగా తీసిపెట్టాకే బయలుదేరాలని షరతు పెట్టాను. ముగ్గురూ ఒప్పుకున్నారు. కాగితం మీద సంతకాలు కూడా తీసుకున్నాను!

ఆ రాత్రి అన్నయ్యకు ఫోను చేశాను. ముప్ఫై ఏడేళ్ళుగా మేమిద్దరం షోళవరం మాట ఎత్తలేదు. అమ్మాయి సంగతంతా చెప్పి, తిట్టేస్తాడనుకుని ఆగాను. "బ్రేక్ ఆయిల్ మార్చారా?" అని అడిగాడు. మార్చారన్నాను. "హెల్మెట్ మంచిదేనా?" మంచిదేనన్నాను. కాసేపు ఊరుకుని, "ఒరేయ్, ఆ రోజు తీసుకెళ్ళింది నువ్వే కావచ్చు గాని, బండి తాళం తిప్పింది నేనురా. నువ్వెందుకు మోస్తున్నావు ఇన్నాళ్ళూ?" అన్నాడు.

ఈ వ్యాసం రాసేనాటికి ఆయుధపూజ అయింది. జిగణిలో ప్రతి షెడ్డుకూ మామిడాకులు, ప్రతి మిషనుకూ కుంకుమ. చిన్న ఎర్ర కారు ముందు గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మేస్త్రి హారతిచ్చాడు. మార్పులు చేసిన బండి కనుక రోడ్డు మీద నడపకుండా చిన్న లారీమీద కట్టి తీసుకువెళతారు. హోసూరు, కృష్ణగిరి, వేలూరు మీదుగా దారి. వీల్ నట్లు టార్క్ రెంచితో మరోసారి బిగించడం, విడి వస్తువులన్నీ కారులోంచి తీసేయడం, టైర్లలో గాలి చూడటం - ఆ జాబితా నా చేతిరాతలోనే ఉంది. ఒక్కొక్క దానికీ టిక్కు పెట్టే బాధ్యత నాది. మా శ్రీమతి పులిహోర కలుపుతానంది. అంటే అనుమతి వచ్చినట్టే.

వచ్చే ఆదివారమే ఆ రోజు. అన్నయ్య కూడా వస్తున్నాడు. కారు పంపిస్తానంటే వద్దన్నాడు. నెల్లూరులో బస్సెక్కుతాడట. ఆ బస్సు షోళవరం మీదుగానే వస్తుంది.