పావు కిలో బూడిద



కరెంటుకి కులం లేదంటారు. మరి బూడిదకి? ఈ భాగంలో ఆ లెక్క చూద్దాం.

మా నక్కపల్లి నుంచి హైవే మీద విశాఖ వైపు వెళ్తే, అనకాపల్లి దాటాక పరవాడ దగ్గర ఎన్టీపీసీ వారి సింహాద్రి థర్మల్ స్టేషన్ ఉంది. 2002లో 500 మెగావాట్ల యూనిట్లు రెండు నడిచాయి. పదేళ్లకి ఇంకో రెండు కలిశాయి. మొత్తం 2000 మెగావాట్లు. బొగ్గు ఒడిశాలోని తాల్చేరు నుంచి రైల్లో వస్తుంది. చల్లబరచడానికి సముద్రపు నీళ్లు వాడతారు.

బొగ్గుని మిల్లులో పిండిలా నూరి, గాలితో బాయిలర్లోకి ఊదుతారు. ఆ మంటకి నీళ్లు ఆవిరై టర్బైన్ తిరుగుతుంది. బొగ్గు స్టేషన్ అంటాం గానీ, చల్లారిన బాయిలర్ని వెలిగించాలంటే ముందు ఆయిల్ కావాలి. బొగ్గులో పంట వ్యర్థాల గుళికలు 5 శాతం కలపాలని 2021లో కేంద్రం విధానం తెచ్చింది. ఢిల్లీ లెక్కలో వ్యర్థమైన గడ్డి, ఒక్క గేదె మీద బతికే ఇంట్లో మేత.

ఇంధనం ఏదైనా చివరికి మిగిలేది బుగ్గే. యూనిట్ కరెంటుకి సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. మన దేశపు బొగ్గులో 30 నుంచి 45 శాతం బూడిదే. అంటే యూనిట్‌కి పావు కిలో. నెలకి వంద యూనిట్లు వాడే ఇల్లు, పాతిక కిలోల బూడిదని వేరే ఊరి పక్కన పోస్తోందన్నమాట.

కొంత సిమెంటుకి, ఇటుకలకి పోతుంది. మిగిలింది నీళ్లలో కలిపి చెరువులోకి పంపుతారు. ఎండాకాలం చెరువు ఆరితే గాలి దాన్ని లేపుతుంది. బూడిదంతా వాడి తీరాలి, లేకపోతే జరిమానా కట్టాలి అని 2021 డిసెంబరు 31 నోటిఫికేషన్ చెబుతోంది.

నేను కరెంటు వద్దనడం లేదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్న బాబాసాహెబ్ చేతిలోనే విద్యుత్ విధానం ఉండేది. చవకగా, పుష్కలంగా కరెంటు ఉంటేనే పరిశ్రమ, పరిశ్రమ ఉంటేనే పేదరికం నుంచి విడుదల అన్నది ఆయన వాదన. ఆ విడుదల మన పేట దాకా వచ్చిందా అన్నదే నా ప్రశ్న.

పర్మినెంట్ ఉద్యోగానికి రిజర్వేషన్ రోస్టరు ఉంది. కాంట్రాక్టరు మస్టరుకి లేదు. అయినా ఊడ్చే పని, ఎత్తే పని ఏ రిజర్వేషనూ లేకుండానే మనల్ని వెతుక్కుంటూ వస్తుంది.

ఇప్పుడు నక్కపల్లికి బల్క్ డ్రగ్ పార్క్ వస్తోంది. 2025 జనవరి 8న శంకుస్థాపన అయింది. అందుకే విద్యార్థి మిత్రులకి ఒక పని చెబుతున్నా. పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పర్మినెంట్ ఉద్యోగుల్లో ఎస్సీలెందరు? బూడిద కాంట్రాక్టుల్లో కూలీలెందరు, వాళ్లకి పీఎఫ్ కడుతున్నారా, ఊపిరితిత్తుల పరీక్షలు చేయిస్తున్నారా? పరవాడ జవాబు చేతికొస్తే, రేపు నక్కపల్లి గేటు దగ్గర ఏం అడగాలో మనకి తెలుస్తుంది.