నడిచి వెళ్లమన్నాక

హైదరాబాద్–విజయవాడ దారిలో, సూర్యాపేటకు ఇవతల ఉన్న ఓ ఊరికి పొద్దు గూకే వేళ వెళ్లాను. వైన్స్, దాన్ని ఆనుకున్న పర్మిట్ రూం రోడ్డుకు ఈ పక్క. ఇళ్లన్నీ ఆ పక్క. నడుమ నాలుగు వరుసల 65వ నంబరు జాతీయ రహదారి. డివైడర్ మీద మొక్కలు ఒకచోట నలిగిపోయి మట్టి దారి పడింది. అండర్‌పాస్ ఉంది కానీ దూరం. పర్మిట్ రూంలోంచి వచ్చినవాళ్లు ఆ మట్టి దారికే పోతున్నారు. సంచులు మోసుకొచ్చే ఆడవాళ్లూ అక్కడే దాటుతున్నారు. వీధిదీపం లేదు.

100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మించి ఆల్కహాలుంటే బండి నడపడం మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. నడిచేవాడికి అది వర్తించదు, వర్తించకూడదు కూడా. తాగినవాణ్ని బండి వదిలి నడిచి పొమ్మంటున్నది మనమే. ఆ మాట విన్నవాడు ప్రాణాలతో ఇల్లు చేరే దారి ఉండాలి కదా! మత్తులో ఎదురొచ్చే లారీ వేగం అంచనాకు అందదు, కాలు తడబడుతుంది. హెడ్‌లైట్లు తనకు కనిపిస్తున్నాయి కాబట్టి డ్రైవరుకు తానూ కనిపిస్తున్నాననుకుంటాడు. కారు వేగం గంటకు 50 నుంచి 65 కిలోమీటర్లకు పెరిగితే, దాని ముందు భాగం తగిలిన పాదచారి చనిపోయే ముప్పు నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ రోడ్డు మీద 65 నెమ్మది కిందే లెక్క. 2022లో దేశంలో 32 వేలకు పైగా పాదచారులు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు.

తాగి రోడ్డెక్కడం వాడి తప్పే కదా, వాడి కోసం ప్రజల సొమ్ముతో దీపాలు పెట్టాలా అంటారు. తప్పే అనుకుందాం, దానికి మరణశిక్ష వేస్తామా? పైగా ఆ దీపం సంచి మోసే ఆవిడకూ వెలుగే. డివైడర్ మీద కంచె వేస్తే సరిపోతుందన్న వాదనలో కొంత న్యాయముంది. అయితే దగ్గర్లో దాటే దారి చూపకుండా వేసిన కంచెకు త్వరలోనే కంత పడుతుంది. ముందు దారి, వేగానికి కళ్లెం, తర్వాతే కంచె.

రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో తీర్పిచ్చింది, తర్వాత సడలింపులొచ్చాయి. అది ప్రధానంగా డ్రైవర్లను దృష్టిలో పెట్టుకున్న తీర్పు, అందుకే దూరాన్ని కొలిచింది. నడిచేవాడికి దూరం కన్నా దుకాణం ఊరికి ఏ పక్కన ఉందన్నదే ముఖ్యం. తెలంగాణలో రెండేళ్లకోసారి వైన్స్ లైసెన్సులు ఇస్తారు. తాగినవాళ్లు రహదారి దాటకుండా ఇల్లు చేరగలరా అన్న ప్రశ్నను ఎక్సైజ్ శాఖ అప్పుడే అడగాలి. చేరలేరంటే అక్కడ దుకాణానికి అనుమతి ఇవ్వకూడదు.